పార్కులో అందరికీ పొయ్యిలు: బూడిద, జిడ్డు ఎవరు ఎత్తుతారో ముందు తేల్చుకోండి

మీ ప్రశ్న ఇది: పబ్లిక్ పార్కుకు వచ్చినవాళ్లు ఎవరైనా వండుకుని తినేలా నాలుగైదు పొయ్యిలు పెట్టాలి. బొగ్గువా, గ్యాసువా, కరెంటువా, ఏవి మేలు? ఎక్కడ పెట్టాలి, ఎన్ని పెట్టాలి, ఏవి ఎందుకు పాడవుతాయి?

చాలాచోట్ల ఈ పని కొనుగోలుతో మొదలవుతుంది. కేటలాగులో పొయ్యి నచ్చుతుంది, తెస్తారు, బిగిస్తారు, రిబ్బను కత్తిరిస్తారు. ఆరు నెలలు తిరిగేసరికి పెట్టెలో సగం దాకా బూడిద పేరుకుని, ఊచలు జిడ్డుతో అట్టలు కట్టి, ఎవరూ దాని దగ్గరికే పోరు. పొయ్యి చెడిపోలేదు, మిగిలింది ఎత్తేవాళ్లు లేరంతే. కాబట్టి ఇంధనం సంగతి తర్వాత. సెలవు రోజు సాయంత్రం ఆ పొయ్యి దగ్గరికి ఎవరు వస్తారు, చేతిలో ఏం పట్టుకొస్తారు, ఎత్తింది తీసుకెళ్లి ఎక్కడ పోస్తారు, ఈ మూడూ ముందు కాగితం మీద పెట్టండి. ఏ పొయ్యి కొనాలో ఆ కాగితమే చెప్తుంది.

రోజూ తుడిచే మనిషి ఉండి, దగ్గర్లో కరెంటు లైను ఉంటే స్టీలు పెనం ఉన్న కరెంటు పొయ్యి పెట్టండి. బూడిద ఉండదు, నిప్పురవ్వ ఎగరదు, పొగ తక్కువ. కానీ పెనం మీద ముందువాళ్ల జిడ్డు అలాగే ఉంటుంది కాబట్టి తుడవని కరెంటు పొయ్యి అన్నిటికంటే అసహ్యంగా తయారవుతుంది. మనిషి వారానికి రెండుసార్లే వచ్చే చోట, కరెంటు లేని చోట, స్తంభం మీద నిలబెట్టిన ఇనుప బొగ్గు పొయ్యే నయం. దాని ఊచల మీది జిడ్డులో చాలా వరకు తర్వాతి మంటకే కాలిపోతుంది. గ్యాసు మాత్రం పైపులైను గ్యాసు అందుబాటులో ఉండి, లైసెన్సున్న టెక్నీషియన్ క్రమం తప్పకుండా వచ్చి చూసే ఒప్పందం ఉంటేనే. కాపలా లేని పార్కులో సిలిండర్లు పెట్టడం నేను సిఫారసు చేయను, కారణాలు కింద చెప్తాను.

ముందు ఎన్ని కావాలో లెక్క వేద్దాం. ఒక బృందం పెనం దగ్గర ముప్పావు గంట నుంచి గంట దాకా ఉంటుంది. రద్దీ అంతా భోజనాల వేళకు అటూ ఇటూ రెండు మూడు గంటల్లోనే. అంటే ఒక్కో పెనం మహా అయితే మూడు బృందాలకు సరిపోతుంది. తొమ్మిది బల్లలుంటే మూడు పెనాలు. ఒకే దిమ్మ మీద రెండు పెనాలు ఆనించి పెడితే కేబుల్ ఖర్చు మిగులుతుంది, కానీ ముందొచ్చిన బృందం రెండింటినీ పట్టేసుకుంటుంది. మధ్యలో కనీసం 900 మి.మీ. గట్టు పెడితే అవి రెండు వేర్వేరు పొయ్యిలని చూడగానే తెలుస్తుంది. ఆ గట్టు ఎలాగూ కావాలి. పచ్చి మాంసం, చేప కోసే చోటు ఒక పక్క, వండినవి దించుకునే చోటు ఇంకో పక్క ఉండాలి. గట్టు లేకపోతే జనం గిన్నెలు నేల మీద పెడతారు, పెనం అంచు మీద పెడతారు, అవి పడతాయి. గట్టు పైభాగం నునుపు రాయి గానీ స్టీలు గానీ అయి ఉండాలి. చెక్క వద్దు, రసం పీల్చుకుంటుంది, కడిగినా పోదు.

చోటు ఎంచుకునేటప్పుడు గాలి ఎటు నుంచి ఎక్కువ వీస్తుందో చూడండి. పొగ ఇళ్ల కిటికీల వైపు గానీ, పిల్లల ఆటస్థలం వైపు గానీ పోకూడదు. ఆటస్థలం పొయ్యి దగ్గర నిలబడితే కనిపించాలి, కానీ పరుగెత్తే పిల్లలు పొయ్యి దాకా వచ్చేంత దగ్గర కాకూడదు. 15 మీటర్ల దూరం, మధ్యలో ఒక పొదల వరుస బాగా పనిచేస్తాయి. షెడ్లు, చెక్క కంచెలు, ఎండుగడ్డి లాంటి కాలే వస్తువులకు కనీసం 3 మీటర్ల దూరం ఉంచండి. పైన కొమ్మలు వేలాడకూడదు. ఇవన్నీ దాదాపు అందరికీ తడతాయి. తట్టనిది సేవా వాహనం దారి. బూడిద డబ్బా, జిడ్డు బకెట్టు మోసుకుంటూ మనిషి 200 మీటర్లు నడవాల్సి వస్తే రెండో నెల నుంచి ఆ పని ఆగిపోతుంది.

నేల సంగతి. గడ్డి మీద పొయ్యి పెట్టకండి. నిప్పురవ్వలు పడతాయి, జనం తొక్కి తొక్కి వానకు అది బురద గుంట అవుతుంది. 100 మి.మీ. మందం కాంక్రీటు వేసి, గరుకుగా చీపురు గీతలు పెట్టించండి, జిడ్డు పడ్డా కాలు జారదు. వాలు 50కి 1 మించకూడదు, నీళ్లు పోవడానికి అది చాలు. పొయ్యి చుట్టూ వాడుకునే ప్రతి వైపూ 1,200 మి.మీ. ఖాళీ ఉండాలి, చక్రాల కుర్చీ తిరగాలంటే 1,500 మి.మీ. చదరం కావాలి. వంట చేసే ఉపరితలం ఎత్తు 865 మి.మీ. మించితే కుర్చీలో కూర్చున్నవాళ్లకు అందదు. 800 దగ్గర పెడితే నిలబడ్డవాళ్లకూ ఇబ్బంది ఉండదు. బటన్ ముందు వైపే ఉండాలి. పెనం వెనక పెడితే వేడి మీదుగా చేయి చాచాలి. ఇంత చిన్న విషయం కూడా తప్పుగా చేసినవి చాలా కనిపిస్తాయి.

ఒక హెచ్చరిక. కాంక్రీటు మీద నేరుగా మంట వేయనివ్వకండి. లోపలి తేమ ఆవిరై, పైపొర చిటపటమంటూ పెచ్చులుగా ఎగురుతుంది, కళ్లలో పడుతుంది. ఇటుకతో పొయ్యి కట్టిస్తుంటే మంట తగిలే లోపలి వరుస అగ్ని ఇటుకదై ఉండాలి, దాన్ని అగ్నిమట్టి మోర్టారుతోనే కట్టాలి. మామూలు సిమెంటు అంత వేడికి పొడిపొడిగా రాలిపోతుంది. ఇంకోటి, ఇటుక గూట్లో ఇనుప పెట్టెను బిగుతుగా ఇరికించకండి. ఉక్కు 400 డిగ్రీలు వేడెక్కితే మీటరుకు దాదాపు 5 మి.మీ. సాగుతుంది. చుట్టూ 10 మి.మీ. ఖాళీ వదలకపోతే ఆ సాగుడంతా ఇటుక గోడ మీదే పడుతుంది. మొదటి వేసవిలోనే మూలల దగ్గర నిలువు పగుళ్లు వస్తే కారణం ఇదే, మేస్త్రీ పనితనం కాదు.

బొగ్గు పొయ్యి

పెట్టె కొలత సుమారు 500 × 400 మి.మీ., లోతు 250. రేకు కనీసం 5 మి.మీ. మందం ఉండాలి. 2 మి.మీ. రేకు కొద్ది నెలల్లోనే వంకర్లు తిరిగి అడుగు చిల్లు పడుతుంది. నిప్పులు పెట్టెలో అడుగునే పరుచుకోకుండా 30 నుంచి 40 మి.మీ. పైకి ఒక ఊచల అర ఉండాలి. కింద నుంచి గాలి ఆడితేనే బొగ్గు పూర్తిగా రాజుకుంటుంది, అడుగు రేకు కూడా ఎక్కువ కాలం ఉంటుంది. వంట ఊచలు మూడు నాలుగు ఎత్తుల్లో మార్చుకునేలా ఉండాలి. ఇలా పైన తెరిచి ఉండే బొగ్గు పొయ్యిల్లో వేడి తగ్గించుకునే తేలిక మార్గం అదే. ఆ ఊచలను పెట్టెకే కీలు వేసి బిగించండి, విడిగా ఉంటే మాయమవుతాయి. పెట్టె మొత్తం స్తంభం మీద తిరిగేలా ఉంటే వండేవాళ్లు దాన్ని గాలికి వీపు చేసి తిప్పుకుంటారు, పొగ ముఖాన కొట్టదు. స్తంభం 60 మి.మీ. పైపు, 600 మి.మీ. లోతు కాంక్రీటులో.

స్తంభానికి జింకు పూత వేయించవచ్చు. ఆహారం తగిలే ఊచలకు మాత్రం వద్దు. జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది, బాగా రాజుకున్న నిప్పులు అంతకు మించిన వేడి మీద ఉంటాయి. పులుపు తగిలినా జింకు కరిగి ఆహారంలో చేరుతుంది. ఊచలు స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ, పూత లేని మందమైన మామూలు ఉక్కువి గానీ పెట్టండి.

అడుగు రేకులో చిన్న రంధ్రాలు నాలుగు, ఒక్కోటి 8 నుంచి 10 మి.మీ., వాన నీళ్లు దిగడానికి. బూడిద ఎత్తకపోతే అవి మూసుకుపోతాయి. అప్పుడు తడి బూడిద ముద్దలా రేకును అంటిపెట్టుకుని వారాల తరబడి ఆరదు. ఇలాంటి పొయ్యిలు దాదాపు అన్నీ చివరికి పోయేది అడుగు తుప్పుపట్టే. మంట వల్ల పోయేవి తక్కువ.

నిప్పులు పారేసే చోటు పొయ్యి కన్నా ముఖ్యం. పైకి బూడిదలా కనిపించే బొగ్గు లోపల ఒకటి రెండు రోజుల దాకా కణకణలాడుతూనే ఉంటుంది. చోటు చూపించకపోతే జనం దాన్ని చెత్తబుట్టలో వేస్తారు, ప్లాస్టిక్ సంచీ అంటుకుంటుంది. లేదా చెట్టు మొదట్లో పోస్తారు, వేర్లు మాడతాయి. లేదా ఇసుకలో పూడుస్తారు. అన్నిటికంటే ప్రమాదం ఇదే. పైన ఇసుక మామూలుగానే కనిపిస్తుంది, కింద వేడి నిలిచే ఉంటుంది, మర్నాడు చెప్పులు లేని పిల్లల కాళ్లు కాలతాయి. కాబట్టి ప్రతి మూడు నాలుగు పొయ్యిలకు ఒక నిప్పుల డబ్బా పెట్టండి. మందపు ఉక్కుతో గానీ కాంక్రీటుతో గానీ చేసింది, మూత గొలుసుతో బిగించింది, కాంక్రీటు దిమ్మ మీద కూర్చోబెట్టింది. పొయ్యికి పది అడుగుల్లోపు ఉంటేనే వాడతారు. రంగు చెత్తబుట్టల రంగుకు పూర్తిగా వేరుగా, ఎరుపు అయితే మంచిది. మీద ‘నిప్పులు, బూడిద మాత్రమే’ అని పెద్ద అక్షరాల్లో రాయించండి. నోరు వెడల్పుగా ఉండకూడదు, ఉంటే అందులో కాగితం పళ్లాలు పడతాయి, మంటలు లేస్తాయి. ఎత్తేవాళ్లు ముందు రోజుదైనా సరే నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, ఆ తర్వాతే తరలించాలి.

బొగ్గు రకాన్ని బట్టి బూడిద లెక్క మారుతుంది. కట్టెబొగ్గులో బరువుకు వందకు 5 వంతులకు లోపే ఉంటుంది, అచ్చుపోసిన బ్రికెట్లలో దానికి రెండు మూడింతలు. ఒక్కో వంటకు 2 కిలోల బ్రికెట్లు పడితే, రోజుకు పది వంటలకు 2, 3 కిలోల బూడిద. దానికి కాలక మిగిలిన బొగ్గు కలుపుకుని డబ్బా సైజు చూసుకోండి. కట్టెలు అనుమతిస్తే బోర్డు మీద ఒక్క మాట తప్పనిసరి: రంగు వేసిన, మందు పట్టించిన చెక్క కాల్చవద్దు. చెదలు రాకుండా కొన్ని చెక్కలకు పట్టించే మందులో ఆర్సెనిక్ ఉంటుంది. కాలిస్తే అది పొగలోకి, బూడిదలోకి వస్తుంది. విరిగిన పార్కు బెంచీలే జనానికి మొదట కనిపించే కట్టెలు.

కరెంటు పెనం

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువ పోయేదీ, తప్పులు దాక్కునేదీ ఇక్కడే.

ఒక పెనానికి 3 నుంచి 3.6 కిలోవాట్లు. 20 నిమిషాలు నడిస్తే సుమారు ఒక యూనిట్. పెనం మందం 6 మి.మీ. ఉండనివ్వండి. 600 × 500 మి.మీ. పెనం అంత మందంలో సుమారు 14 కిలోలు తూగుతుంది. దాన్ని 200 డిగ్రీలు పెంచడానికి 3 కిలోవాట్లతో 8 నిమిషాలు పడుతుంది, గాలికి పోయే వేడి కలిపితే ఇంకాస్త. ‘బటన్ నొక్కినా వేడెక్కట్లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలా ఈ పది నిమిషాలు ఆగలేక వచ్చేవే, అందుకని ఆ సంగతి బోర్డు మీద రాయండి. మందం సగం చేస్తే త్వరగా వేడెక్కుతుంది నిజమే, కానీ కింద ఎలిమెంట్ (కరెంటుతో వేడెక్కే కడ్డీ) ఉన్న చోట మాడి, మిగతా చోట పచ్చిగా ఉంటుంది, ఏడాదిలో మధ్యలో ఉబ్బుతుంది. ఉబ్బిన పెనం మీద జిడ్డు తూము వైపు కాకుండా మూలలకు పారుతుంది. స్టీలు 304 గ్రేడు చాలు. ఉప్పుగాలి తగిలే సముద్రతీరంలో 316 పెట్టండి.

కేబుల్ విషయంలో చేసే పొదుపు చివరికి వంట మీద పడుతుంది. 230 వోల్టుల సరఫరాలో 15 యాంపుల పెనం, మెయిన్ బోర్డు నుంచి 100 మీటర్ల దూరం అనుకోండి. 4 చదరపు మి.మీ. రాగి తీగ వేస్తే దారిలోనే 16 వోల్టులు పైగా పడిపోతాయి, అంటే 7 శాతం. వేడి వోల్టేజీ వర్గాన్ని అనుసరించి తగ్గుతుంది కాబట్టి పెనం దగ్గర దాదాపు 14 శాతం వేడి తగ్గుతుంది. 10 చదరపు మి.మీ. వేస్తే నష్టం 3 శాతం లోపే. అదే లైను మీద రెండో పెనం కలిపితే లెక్క మళ్లీ వేయాలి. కేబుల్ గొట్టంలో, 600 మి.మీ. లోతులో, పైన హెచ్చరిక టేపు పరిచి వేయండి. పెట్టె లోపల ఎలిమెంట్ కొసలకు కలిపే తీగలు మామూలు పీవీసీవి కాకూడదు. పీవీసీ తట్టుకునేది 70 డిగ్రీల దాకానే, అక్కడ వేడి అంతకంటే ఎక్కువ. గాజునూలు తొడుగు గానీ సిలికాన్ తొడుగు గానీ ఉన్నవి వాడాలి. ఈ పని, ఎర్తింగు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌దే, వాలంటీర్లది కాదు.

ప్రతి పెనానికీ విడిగా 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉండాలి, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్. అన్నిటికీ కలిపి ఒక్కటే పెడితే ఒకటి ట్రిప్ అయినప్పుడు అన్నీ ఆగిపోతాయి. పైగా ప్రతి ఎలిమెంట్ నుంచీ కొద్ది కొద్దిగా లీకయ్యే కరెంటు కలిసి, ఏ తప్పూ లేకుండానే ట్రిప్ అవుతుంది. వానలు తగ్గాక, కొన్ని వారాలు వాడకుండా ఉన్నాక, బటన్ నొక్కగానే ట్రిప్ అవుతోందా? ఎలిమెంట్ గొట్టం లోపల తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటుంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొసల దగ్గర సీలు పాతబడితే ఇంకా ఎక్కువ. ఎలక్ట్రీషియన్ మెగ్గర్ అనే మీటరుతో ఇన్సులేషన్ చూసి, ఎలిమెంట్‌ను విప్పి తక్కువ వేడి మీద ఆరబెడితే చాలాసార్లు మళ్లీ పనికొస్తుంది. చూడకుండానే కొత్త ఎలిమెంట్లు కొనేస్తుంటారు. అన్నిటికంటే ఘోరం, ట్రిప్ అవుతోందని ఆర్‌సీసీబీని తప్పించి కలపడం. తడి నేల, తడి చేతులు, స్టీలు పెనం ఉన్న చోట ఆ పని చేసినవాడు మనిషి ప్రాణంతో ఆడుతున్నట్టే.

టైమరు 15 నుంచి 20 నిమిషాలు. ఒక్కసారి నొక్కితే అంతే, కావాలంటే మళ్లీ నొక్కుకోవాలి. దీనివల్ల ఎవరో మర్చిపోయిన పెనం రాత్రంతా కాలదు. థర్మోస్టాట్‌ను 220 డిగ్రీల దగ్గర పెట్టండి, వంటకు అది చాలు. దానికి తోడు విడిగా, 280 దగ్గర ఆపేసే భద్రతా కటాఫ్ ఉండాలి. నూనె తనంతట తానే అంటుకునేది సుమారు 350 డిగ్రీలు దాటాక. ఆ దరిదాపులకే పెనం వెళ్లకూడదు. బటన్ కదిలే భాగాలు లేని పీజో రకమైతే జిడ్డు దూరి ఇరుక్కోదు. పెట్టెకు, బటన్‌కు ఐపీ65 రేటింగు (దుమ్ము, చిమ్మే నీళ్లు లోపలికి పోవని) అడగండి. పెనం పక్కన ఒక దీపం ఉండాలి, కరెంటు ఉన్నప్పుడే కాదు, వేడి తగ్గేదాకా వెలిగేది. చల్లని స్టీలూ 150 డిగ్రీల స్టీలూ కంటికి ఒకేలా ఉంటాయి.

ఇక జిడ్డు తూము. పెనం మధ్యలో 40 నుంచి 50 మి.మీ. రంధ్రం, దానికేసి నాలుగు వైపులా స్వల్ప వాలు, కింద 8, 10 లీటర్ల స్టీలు బకెట్టు, తాళం వేసే తలుపు. బకెట్టు అడుగున రెండంగుళాల పొడి ఇసుక పోస్తే జిడ్డు పీల్చుకుంటుంది, ఎత్తి పారేయడం తేలిక. ఇక్కడ ఒక దృశ్యం ప్రతి పార్కులోనూ చూస్తారు. ముందువాళ్ల మురికి మీద వండటం ఇష్టంలేక జనం పెనం నిండా అల్యూమినియం రేకు పరుస్తారు. ఆలోచన మంచిదే, కానీ రేకు రంధ్రాన్ని కప్పేస్తుంది. మాంసం కొవ్వు కరిగి రేకు మడతల్లో నిలుస్తుంది, అంచు మీదుగా పొంగి పెట్టె లోపలికి, తీగల మీదికి కారుతుంది. అందుకే ‘రేకు పరిస్తే రంధ్రం దగ్గర చింపండి’ అని బొమ్మతో సహా పెట్టండి. నిషేధిస్తే ఎవరూ వినరు. రంధ్రానికి జాలీ పెట్టవద్దు, రెండు ఉల్లిపాయ ముక్కలతో మూసుకుపోతుంది.

జిడ్డు కారిన పెట్టెలోకి ఎలుకలు వస్తాయి, వచ్చినవి తీగలు కొరుకుతాయి. కింద ఏ సందూ 6 మి.మీ. మించకుండా చూసుకోండి.

గ్యాసు

ఎల్‌పీజీ గాలి కన్నా బరువు. ప్రొపేన్ ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు. లీకైతే పైకి పోదు, నేల మీద పాకుతూ వెళ్లి గుంటల్లో, డ్రైనేజీ తూముల్లో నిలుస్తుంది. సిలిండర్ గూడుకు గాలి రంధ్రాలు అడుగున కూడా ఉండాలి, దగ్గర్లో తూము మూత ఉండకూడదు. సిలిండర్ ఎప్పుడూ నిలువుగానే. చలి ప్రాంతాల్లో బ్యూటేన్ పనికిరాదు, సున్నా దగ్గర అది ఆవిరి కావడమే మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది. బయట గాలికి మంట ఆరిపోవడం మామూలే కాబట్టి మంట ఆరితే గ్యాసు ఆపేసే థర్మోకపుల్ వాల్వు లేని బర్నరు కొననే కొనవద్దు. కొన్నాళ్లు వాడని బర్నరు మంట పసుపుగా, ఎగుడుదిగుడుగా వస్తుంటే, లేదా వెనక్కి కొట్టి గొట్టంలోనే మండుతుంటే గాలి కలిసే గొట్టం విప్పి చూడండి. సాలీళ్లు అక్కడ గూళ్లు కడతాయి. సన్నని జాలీ తొడిగితే రావు. ఇదంతా రాసుకుని చూస్తే కాపలా మనిషి, టెక్నీషియన్, తాళాలు, నెలనెలా సబ్బునీళ్ల పరీక్ష లేనిదే గ్యాసు నడవదని తెలుస్తుంది. అందుకే చివర పెట్టాను.

పైకప్పు వేస్తే వండేవాళ్ల మీద వేయండి. బల్లలకు నీడ పెట్టి వండే మనిషిని ఎండలో నిలబెట్టిన పార్కులే ఎక్కువ. కప్పు కాలని సరుకుతో, పెనం నుంచి కనీసం 2 మీటర్ల పైన, శిఖరం దగ్గర పొగ పోయే సందుతో ఉండాలి. గాలి కోసం ఒక పక్క గోడ కట్టినా మిగతా మూడు పక్కలా తెరిచే ఉంచండి. చలికాలంలో తడికలు కట్టి మూసేస్తారు, బొగ్గు పొయ్యి ఉన్న చోట అది కార్బన్ మోనాక్సైడ్ గది అవుతుంది. ఆ వాయువుకు వాసన లేదు, తలనొప్పి వచ్చిందంటే అప్పటికే ఒంట్లోకి చేరినట్టు. కట్టడానికి వీల్లేకుండా స్తంభాలకు కొక్కేలు లేకుండా చేయించడం మంచిది.

నీళ్ల కుళాయి నాలుగైదు మీటర్ల దూరంలో, నొక్కితే కాసేపు పారి ఆగే రకం. పచ్చి మాంసం పట్టుకున్న చేయి కడుక్కోవడానికి ఇది తప్పనిసరి. ఆ నీళ్లు, కడిగిన జిడ్డు వాననీటి కాలువలోకి పోకూడదు, జిడ్డు ఆపే తొట్టి మీదుగా మురుగు లైనులోకే పోవాలి. నూనె మంట మీద నీళ్లు పోయకూడదని బోర్డు మీద ముందు వరసలో రాయండి. లీటరు నీరు దాదాపు 1,700 లీటర్ల ఆవిరి అవుతుంది, మండే నూనెను మనిషి మీదికి విసురుతుంది. పొయ్యిల పక్కన మూత ఉన్న ఇసుక బకెట్లు రెండు చాలు. మంట ఆర్పే సిలిండర్లు పెట్టాలనుకుంటే వంటనూనె మంటలకు పనికొచ్చే రకమే పెట్టండి.

శుభ్రం చేసే పద్ధతి మీ మనిషికి ఒకసారి దగ్గరుండి చూపించండి. కరెంటు ఐసోలేటర్ (సరఫరాను పూర్తిగా తెంపే స్విచ్) ఆపి తాళం వేయాలి. పెనం పూర్తిగా చల్లారక ముందు, గోరువెచ్చగా ఉన్నప్పుడు వెడల్పు పలకతో మాడు గీకి రంధ్రంలోకి నెట్టాలి. తర్వాత వంటసోడా కలిపిన వేడినీళ్లు, గుడ్డ, మళ్లీ మంచినీళ్లు, ఆరబెట్టి పల్చగా వంటనూనె పూత. కాలుతున్న పెనం మీద చల్లని నీళ్లు కుమ్మరిస్తే ఆవిరికి చేయి కాలుతుంది, పెనం వంగుతుంది. బ్లీచింగ్ వాడకండి, క్లోరిన్ స్టెయిన్‌లెస్ స్టీలుకు సూదిబెజ్జాల్లాంటి గుంటలు చేస్తుంది. ఇనుప పీచు కూడా వద్దు, దాని ముక్కలు స్టీలులో ఇరుక్కుని తుప్పు మరకలవుతాయి. జనం వాడుకోవడానికి తీగల బ్రష్‌ను గొలుసుతో కట్టి ఉంచడం చాలాచోట్ల చూస్తాం, అది తీసేయండి. విరిగిన తీగముక్క ఊచలకు అతుక్కుని ఆహారంలోకి పోతే గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. దాని బదులు పలక కట్టండి.

నెలకోసారి ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. పది నిమిషాలు వేడిచేసి పెనం మధ్యలోనూ నాలుగు మూలల్లోనూ ఉష్ణోగ్రత కొలవాలి. ఒక పక్క మిగతా వాటికంటే బాగా చల్లగా ఉంటే రెండు ఎలిమెంట్లున్న పెనంలో ఒకటి పోయినట్టు. ప్రతి పొయ్యికీ పెద్ద అంకె వేయించండి, బోర్డు మీద ఫిర్యాదు నంబరు పెట్టండి. ‘చెట్టు పక్కన పొయ్యి పనిచేయట్లేదు’ అంటే ఏ చెట్టో వెతుక్కోవాలి, ‘3వ పొయ్యి’ అంటే నేరుగా అక్కడికే వెళ్తారు. అడవి మంటల భయం ఉన్న రోజుల్లో బొగ్గు పొయ్యిలను మూసేయడానికి గొలుసు, తాళంతో మూతలు ముందే చేయించి ఉంచండి. ఆ రోజు వచ్చాక వెతికితే దొరకవు.

అన్నీ ఒకేసారి పెట్టకండి. కాంక్రీటు దిమ్మ, తూము, ఖాళీ కేబుల్ గొట్టాలు ఐదు పొయ్యిలకు సరిపడా వేయించి, రెండు పెనాలు బిగించి ఒక సీజను నడపండి. బకెట్టు ఎన్ని రోజులకు నిండుతోంది, మనిషి నిజంగా ఎన్నిసార్లు వస్తున్నాడు, ఎవరూ వాడని గట్టు ఏది, ఇవి ఒక పుస్తకంలో రాయించండి. మిగతా మూడు బొగ్గువో కరెంటువో, ఏ పక్కన పెట్టాలో ఆ పుస్తకం చూసి తేల్చవచ్చు.